నోట్‌బుక్‌లో కనిపించేది వేరు, కెర్నెల్‌కు గుర్తున్నది వేరు: వీఎస్ కోడ్‌లో జూపిటర్ పనితీరు

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో జూపిటర్ నోట్‌బుక్ తెరిచి పనిచేసేవాళ్లను కొన్ని చిక్కులు పదేపదే పలకరిస్తాయి. నిన్న చక్కగా నడిచిన సెల్ ఇవాళ ‘నేమ్ ఎర్రర్’ అంటుంది, అంటే ఆ పేరు తనకు తెలియదంటుంది. టెర్మినల్‌లో ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ నోట్‌బుక్‌కు కనిపించదు. పక్క ఫైల్‌లో ఫంక్షన్ మార్చి సేవ్ చేసినా నోట్‌బుక్ పాతదాన్నే పిలుస్తూ ఉంటుంది. లక్షణాలు వేరైనా మూలం దాదాపు ఒక్కటే. తెర మీద ఒకే విండోలా కనిపిస్తున్నది నిజానికి మూడు విడివిడి వస్తువులు: డిస్క్ మీద ఉన్న ఫైల్, దాన్ని చూపించే ఎడిటర్, కోడ్‌ను నడిపే కెర్నెల్. మనం ఒకదాంట్లో చేసిన మార్పు మిగతా రెండింటికీ తెలిసిపోయిందనుకుంటాం. అది తెలిసి ఉండదు.

ఫైల్, ఎడిటర్, కెర్నెల్: ఎవరి పని ఏమిటి

నోట్‌బుక్ అంటే సెల్స్ వరస. కోడ్ సెల్‌లో ప్రోగ్రామ్, మార్క్‌డౌన్ సెల్‌లో వివరణ ఉంటాయి. కోడ్ సెల్ నడిపితే ఫలితం దాని కిందే వస్తుంది. అది అంకె కావచ్చు, పట్టిక కావచ్చు, గ్రాఫ్ కావచ్చు. ఈ పద్ధతి జూపిటర్‌తో పుట్టలేదు. 1988లో వచ్చిన మ్యాథమెటికాలోనే నోట్‌బుక్ ఉంది. పైథాన్ వైపు చూస్తే, ఫెర్నాండో పెరెజ్ 2001లో మొదలుపెట్టిన ఐపైథాన్ అనే సాధనానికి 2011లో బ్రౌజర్ నోట్‌బుక్ తోడైంది. 2014లో అందులో ఏ భాషకైనా పనికొచ్చే భాగాలన్నీ జూపిటర్ అనే వేరే ప్రాజెక్టుగా విడిపోయాయి.

నేటి చిక్కులను అర్థం చేసుకోవాలంటే ఆ విడిపోవడాన్ని గమనించాలి. పైథాన్‌తోబాటు జూలియా, ఆర్ వంటి భాషలూ నడవాలంటే, తెర చూపించే భాగానికి ఏ భాషా తెలియనవసరం లేకుండా కట్టాలి. అందుకే కోడ్ నడిపే పనిని కెర్నెల్ అనే వేరే ప్రాసెస్‌కు అప్పగించారు. పైథాన్ కోసం ఆ పని చేసే ప్యాకేజీ పేరు ఐపీకెర్నెల్. తెర చూపించేది బ్రౌజర్‌లోని జూపిటర్ ల్యాబ్ అయినా, వీఎస్ కోడ్ అయినా కెర్నెల్‌కు తేడా లేదు. 2019లో వీఎస్ కోడ్ పైథాన్ ఎక్స్‌టెన్షన్‌లోకి నోట్‌బుక్‌లు వచ్చాయి. 2020లో అది జూపిటర్ అనే సొంత ఎక్స్‌టెన్షన్ అయింది. అప్పటికే కెర్నెల్ విడిగా ఉండబట్టే ఆ పని సాధ్యపడింది.

కాబట్టి లెక్క ఇలా ఉంటుంది. రాసిన కోడ్, చివరిసారి వచ్చిన ఔట్‌పుట్ ఫైల్‌లో ఉంటాయి. వేరియబుళ్లు, ఇంపోర్ట్ చేసిన లైబ్రరీలు, లోడ్ చేసిన డేటా కెర్నెల్ మెమరీలో ఉంటాయి. ఎడిటర్ మధ్యవర్తి మాత్రమే. ఫైల్ సేవ్ చేస్తే వేరియబుళ్లు సేవ్ కావు. వీఎస్ కోడ్ మూసేస్తే, మామూలుగా అది ప్రారంభించిన లోకల్ కెర్నెల్ కూడా ముగిసిపోతుంది. మర్నాడు ఫైల్ తెరిస్తే నిన్నటి పట్టికలు, గ్రాఫులు అన్నీ అలాగే కనిపిస్తాయి కానీ కొత్త కెర్నెల్‌కు వాటి గురించి ఏమీ తెలియదు. ‘నేమ్ ఎర్రర్’ అక్కడి నుంచే వస్తుంది.

షిఫ్ట్ ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుంది

సెల్‌లో కర్సర్ పెట్టి షిఫ్ట్ ఎంటర్ నొక్కితే ఆ సెల్ నడిచి కర్సర్ తర్వాతి సెల్‌కు వెళ్తుంది. కంట్రోల్ ఎంటర్ అయితే అక్కడే ఉంటుంది. ఆల్ట్ ఎంటర్ అయితే కింద కొత్త సెల్ తెరుచుకుంటుంది. మూడింటిలోనూ లోపల జరిగేది ఒకటే. ఎడిటర్ ఆ సెల్‌లోని అక్షరాలను ఒక సందేశంగా కెర్నెల్‌కు పంపుతుంది. పైన ఏ సెల్స్ ఉన్నాయో, కింద ఏమున్నాయో ఆ సందేశంలో ఉండదు. కెర్నెల్ ముందుగా ‘పనిలో ఉన్నాను’ అని చెబుతుంది, ప్రింట్ అయినవి ఎప్పటికప్పుడు పంపుతుంది, చివరి విలువను విడిగా పంపుతుంది, ఆపైన ‘ఖాళీ’ అంటుంది. వచ్చినవాటిని ఎడిటర్ ఆ సెల్ కింద అతికిస్తుంది.

ప్రింట్ చేసినదానికీ చివరి విలువకూ తేడా ఉంది. సెల్ చివరి లైనులో వేరియబుల్ పేరో, ఏదైనా లెక్కో ఒంటరిగా ఉంటే దాని విలువ దానంతటదే కనిపిస్తుంది. మధ్య లైనులో ఉంటే కనిపించదు. చివరి లైనులో విలువను ఒక పేరుకు కేటాయిస్తే, అప్పుడూ ఏమీ కనిపించదు. సెల్ పనిచేయలేదని కంగారుపడే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇంతే.

మొత్తం మీద పట్టుకోవాల్సింది ఒకటుంది. కెర్నెల్‌కు పేజీ లేదు. దానికి వచ్చిన ఆదేశాల వరస మాత్రమే ఉంది. పేజీలో మూడో స్థానంలో ఉన్న సెల్‌ను ముందు నడిపితే కెర్నెల్‌కు అదే మొదటిది.

సెల్ పక్కన ఉండే చిన్న అంకె చెప్పే కథ

నడిచిన ప్రతి కోడ్ సెల్‌కూ చదరపు బ్రాకెట్లలో ఒక అంకె వస్తుంది. ఇది సెల్ వరస సంఖ్య కాదు. కెర్నెల్ ప్రారంభమైనప్పటి నుంచి ఎన్నో ఆదేశంగా ఆ సెల్ నడిచిందో చెబుతుంది. చిన్న ఉదాహరణ చూద్దాం. పైథాన్ 3 తెలుగు అక్షరాల్లో వేరియబుల్ పేర్లను ఒప్పుకుంటుంది కాబట్టి ఈ మూడు సెల్స్‌నూ ఉన్నదున్నట్టు టైప్ చేసి చూడవచ్చు.

మొదటి సెల్:
ధర = 100

రెండో సెల్:
ధర = ధర * 2

మూడో సెల్:
ధర + 50

వరసగా నడిపితే మూడో సెల్ కింద 250 వస్తుంది. అంకెలు [1], [2], [3]. ఇప్పుడు కెర్నెల్‌ను రీస్టార్ట్ చేసి, మొదటి సెల్ ఒకసారి, రెండో సెల్ రెండుసార్లు, మూడోది ఒకసారి నడపండి. ఫలితం 450. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. పేజీ చదివినవాళ్లెవరైనా 250 రావాలనే చెబుతారు. పొరపాటును పట్టిచ్చేది అంకెలే. అవి [1], [3], [4] అని ఉంటాయి. మధ్యలో 2 ఏమైంది? అదే సెల్ రెండోసారి నడిచి పాత అంకెను చెరిపేసింది. అంకెల మధ్య ఖాళీ ఉన్నా, పై సెల్ అంకె కింది సెల్ కంటే పెద్దదైనా, తెర మీది ఫలితం తెర మీది కోడ్‌ను పైనుంచి కిందికి నడిపితే వచ్చింది కాకపోవచ్చు.

అంకెలు కూడా పట్టివ్వని పొరపాటు ఇంకొకటి ఉంది. ఒక సెల్‌లో పన్ను శాతం పెట్టారు, నడిపారు, తర్వాత ఆ సెల్ అక్కర్లేదని తీసేశారు. కింది సెల్స్ మాత్రం పన్నును వాడుతూ హాయిగా నడుస్తూనే ఉంటాయి. ప్రశ్న రాసిన కాగితం చింపేసినంత మాత్రాన విన్నవాడు దాన్ని మరిచిపోడు కదా. కెర్నెల్ బతికున్నంతసేపూ అంతా సవ్యంగా ఉంటుంది. ఫైల్‌ను ఇంకొకరికి పంపిన రోజు బయటపడుతుంది. వేరియబుల్ పేరు మార్చినప్పుడు కూడా ఇంతే: పాత పేరు మెమరీలో అలాగే ఉంటుంది కాబట్టి, మార్చడం మరిచిన చోట ఎర్రర్ రాకుండా పాత విలువతో లెక్క జరిగిపోతుంది. ఎర్రర్ వచ్చే తప్పు కంటే ఇది ప్రమాదం.

ఇది ఎంత మామూలు సమస్యో చెప్పే అధ్యయనం ఉంది. 2019లో జొవావ్ పిమెంటెల్, మరికొందరు పరిశోధకులు కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లోని సుమారు 14 లక్షల నోట్‌బుక్‌లను పరిశీలించారు. వాటిలో నడపడానికి వీలైనవాటిని మళ్లీ నడిపితే 24.11 శాతం మాత్రమే ఎర్రర్ లేకుండా పూర్తయ్యాయి. ఫైల్‌లో ఉన్న ఫలితమే మళ్లీ వచ్చినవి 4.03 శాతం. అన్నిటికీ సెల్స్ క్రమమే కారణమనుకోకూడదు. లైబ్రరీలు లేకపోవడం, డేటా ఫైళ్లు దొరకకపోవడం వంటివీ అందులో ఉన్నాయి. అయినా ‘నా మిషన్‌లో నడిచింది’ అనే మాటకు నోట్‌బుక్‌ల విషయంలో ఎంత విలువివ్వాలో ఆ అంకెలు చెబుతాయి.

వీఎస్ కోడ్ టూల్‌బార్‌లో ‘రీస్టార్ట్’, ‘రన్ ఆల్’ పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ వరసగా నొక్కాక కూడా ఫలితం మారకపోతేనే పేజీకీ మెమరీకీ పొంతన ఉన్నట్టు. డేటా లోడ్ కావడానికి అరగంట పట్టే నోట్‌బుక్‌లో ఈ పనికి బద్ధకమేస్తుంది. అందుకే చాలామంది ఆ నెమ్మది భాగం ఫలితాన్ని ఒక ఫైల్‌గా రాసుకుని, తర్వాతి సెల్స్ దాన్ని చదివేలా విడదీస్తారు.

‘మాడ్యూల్ లేదు’: ఇంతకీ ఏ పైథాన్?

ఒక కంప్యూటర్‌లో పైథాన్ ఒక్కటే ఉండదు. సిస్టమ్‌తో వచ్చినది ఒకటి, విడిగా వేసుకున్నది ఒకటి, కొండా (conda) అనే ప్యాకేజీ మేనేజర్‌ది ఒకటి, ప్రతి ప్రాజెక్టుకూ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సొంత లైబ్రరీలున్న విడి పైథాన్) ఒకటి. ఎవరి లైబ్రరీలు వారివి. నోట్‌బుక్ కుడివైపు పై మూలన కెర్నెల్ పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే వీఎస్ కోడ్ కనిపెట్టిన ఎన్విరాన్‌మెంట్ల జాబితా వస్తుంది. టెర్మినల్ మాత్రం వేరే ఎన్విరాన్‌మెంట్‌లో తెరుచుకుని ఉండవచ్చు. అక్కడ లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ (pip)తో పాండాస్ అనే లైబ్రరీ వేస్తే అది ఆ పైథాన్‌కు చేరుతుంది. నోట్‌బుక్ కెర్నెల్‌కు దానితో సంబంధం లేదు.

సెల్‌లోంచే ఇన్‌స్టాల్ చేసేవాళ్లు కూడా ఒక గుర్తు దగ్గర దెబ్బతింటారు. ముందు ఆశ్చర్యార్థకం పెట్టి !పిప్ అని రాస్తే ఆ ఆదేశం షెల్‌కు (టెర్మినల్ ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్‌కు) వెళ్తుంది, అక్కడ ముందుగా దొరికిన పిప్ నడుస్తుంది. శాతం గుర్తు పెట్టి %పిప్ అని రాస్తే ప్రస్తుత కెర్నెల్ ఏ పైథాన్‌లో నడుస్తోందో దాని పిప్పే నడుస్తుంది. అనుమానం తీర్చుకోవాలంటే సిస్ అనే మాడ్యూల్ (ఇంపోర్ట్ చేసుకునే పైథాన్ కోడ్)లోని ఎగ్జిక్యూటబుల్ విలువను (sys.executable) సెల్‌లో చూస్తే కెర్నెల్ వాడుతున్న పైథాన్ పూర్తి చిరునామా వస్తుంది. టెర్మినల్‌లోనూ అదే అడిగి రెండింటినీ పోల్చితే వాదన అక్కడితో ముగుస్తుంది. ఇంకో మెలిక: లైబ్రరీ పాత వెర్షన్‌ను అప్పటికే ఇంపోర్ట్ చేసి ఉంటే, కొత్తది ఇన్‌స్టాల్ అయినా మెమరీలో పాతదే ఉంటుంది. రీస్టార్ట్ చేయక తప్పదు.

ఎంచుకున్న ఎన్విరాన్‌మెంట్‌లో ఐపీకెర్నెల్ లేకపోతే వీఎస్ కోడ్ దాన్ని వేయమంటారా అని అడుగుతుంది. అది వేశాక కూడా కెర్నెల్ ప్రారంభం కాకపోతే నోట్‌బుక్ ఉన్న ఫోల్డర్‌లోని ఫైల్ పేర్లు చూడాలి. రాండమ్ అనో, టైపింగ్ అనో పేరుతో సొంత పైథాన్ ఫైల్ అక్కడ ఉందనుకోండి. కెర్నెల్ లేస్తూ లేస్తూ పైథాన్‌తో వచ్చే అదే పేరు మాడ్యూల్ కోసం వెతికి, దానికి బదులు ఈ ఫైల్‌ను ఎత్తుకుని కూలిపోతుంది. ఫైల్ పేరు మారిస్తే చాలు. ఎన్విరాన్‌మెంట్‌ను తీసేసి మళ్లీ కట్టుకున్నా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తప్పు అక్కడ లేదు.

ఫైల్ దారి, పక్క ఫైల్‌లోని ఫంక్షన్

ప్రాజెక్టు ఫోల్డర్‌లో ‘నోట్‌బుక్స్’, ‘డేటా’ అని రెండు ఫోల్డర్లున్నాయనుకుందాం. వీఎస్ కోడ్ మామూలు సెట్టింగ్‌తో నోట్‌బుక్ కెర్నెల్ ఆ నోట్‌బుక్ ఉన్న ఫోల్డర్‌లోనే మొదలవుతుంది. కాబట్టి ఒక మెట్టు పైకెక్కి డేటాలోకి దిగే ‘../డేటా’ దారి పనిచేస్తుంది. అదే కోడ్‌ను అదే ఫోల్డర్‌లో మామూలు పైథాన్ ఫైల్‌గా పెట్టి ఎడిటర్‌లోని రన్ బటన్ నొక్కితే, అది మామూలుగా ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి నడుస్తుంది. అప్పుడు ఆ దారి ప్రాజెక్టు బయటికి పోయి, ఫైల్ లేదంటుంది. కోడ్ తప్పు కాదు, నిలబడ్డ చోటు వేరు. ఈ తేడాను తీసేయాలనుకునేవాళ్లు ‘నోట్‌బుక్ ఫైల్ రూట్’ అనే జూపిటర్ సెట్టింగ్‌ను వర్క్‌స్పేస్ ఫోల్డర్‌కు మార్చుకుంటారు.

పక్క ఫైల్‌లోని ఫంక్షన్ సంగతికొస్తే, పైథాన్ ఒక మాడ్యూల్‌ను ఒక ప్రాసెస్‌లో ఒకసారే చదువుతుంది. ఇంపోర్ట్ లైను మళ్లీ నడిపినా మెమరీలో ఉన్న కాపీనే ఇస్తుంది. స్క్రిప్ట్‌కైతే ప్రతిసారీ కొత్త ప్రాసెస్ కాబట్టి ఈ బాధ లేదు. నోట్‌బుక్‌లో అదే కెర్నెల్ గంటలతరబడి నడుస్తుంది కాబట్టి ఉంది. ఐపైథాన్‌లోని ఆటోరీలోడ్ దీనికోసమే ఉంది. దాన్ని లోడ్ చేసి 2వ స్థాయికి పెడితే ప్రతి సెల్ నడిచే ముందు మారిన మాడ్యూళ్లను మళ్లీ చదువుతుంది. మామూలు ఫంక్షన్ల విషయంలో బాగానే ఉంటుంది. సీ భాషలో రాసిన ఎక్స్‌టెన్షన్ మాడ్యూళ్ల మీద మాత్రం పనిచేయదు, క్లాస్‌ల నిర్మాణం బాగా మార్చినప్పుడు పాత ఆబ్జెక్టులు వింతగా ప్రవర్తించవచ్చు.

సెల్ కదలడం లేదు, కెర్నెల్ చచ్చిపోయింది

నడుస్తున్న సెల్‌కు వీఎస్ కోడ్‌లో తిరిగే గుర్తు, ఎంతసేపయిందో చూపే గడియారం ఉంటాయి. అది ఎంతకీ ఆగకపోతే ముందు కోడ్‌లో ఇన్‌పుట్ అడిగే లైను ఉందేమో చూడాలి. బ్రౌజర్ నోట్‌బుక్‌లో ఆ ప్రశ్న సెల్ కిందే కనిపిస్తుంది. వీఎస్ కోడ్‌లో విండో పైభాగాన సన్నటి పెట్టెలా తెరుచుకుంటుంది. కళ్లు సెల్ మీద ఉంటే అది కనిపించదు, కెర్నెల్ మాత్రం జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది.

నిజంగానే లెక్క ఎడతెగకుండా సాగుతుంటే ‘ఇంటరప్ట్’ ఉంది. అది పైథాన్‌కు ‘కీబోర్డ్ ఇంటరప్ట్’ పంపుతుంది. వేరియబుళ్లు పోవు. అయితే పైథాన్ తన కోడ్ ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వెళ్లేటప్పుడే ఆ సంకేతాన్ని గమనిస్తుంది. లోపల ఏదో లైబ్రరీ సీ కోడ్‌లో ఒకే పెద్ద లెక్క చేస్తుంటే అది ముగిసేదాకా వినిపించుకోదు. అప్పుడు మిగిలేది రీస్టార్టే.

‘కెర్నెల్ డైడ్’ అని వస్తే ఎక్కువసార్లు కారణం మెమరీ. ఇందులో నోట్‌బుక్‌కే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి దాగి ఉంది. కోటి వరసలు, 8 నిలువు వరసలు ఉన్న పట్టిక తీసుకోండి. ఒక్కో విలువకు 8 బైట్లు అనుకుంటే 64 కోట్ల బైట్లు, అంటే 640 ఎంబీ. సెల్ చివరి లైనులో ఆ పట్టికను సార్ట్ చేసి, ఏ పేరుకూ కేటాయించకుండా ఊరికే చూపించమన్నారు. తెర మీద కనిపించేది పైన అయిదు, కింద అయిదు వరసలే. కానీ ఐపైథాన్ ప్రతి చివరి విలువనూ ‘ఔట్’ అనే డిక్షనరీలో సెల్ అంకెతో దాచిపెడుతుంది. సార్ట్ అయిన కొత్త పట్టిక మొత్తం అక్కడ ఉండిపోతుంది. అదే సెల్‌ను నాలుగుసార్లు నడిపితే నాలుగు వేర్వేరు అంకెల కింద నాలుగు కాపీలు చేరి, అసలు పట్టిక కాకుండానే 2.5 జీబీ దాటుతుంది. అసలు వేరియబుల్‌ను డిలీట్ చేసినా ఈ కాపీలు పోవు. ప్రింట్‌తో చూపించినవాటిని మాత్రం ఐపైథాన్ ఇలా దాచుకోదు. పేరుకుపోయినవాటిని వదిలించుకోవడానికి %రీసెట్ ఔట్ (%reset out) అనే ఆదేశం ఉంది.

ఫైల్ లోపల ఏముంది, గిట్‌తో పేచీ ఎందుకు

నోట్‌బుక్ ఫైల్‌ను మామూలు టెక్స్ట్‌గా తెరిస్తే జేసన్ (JSON) అనే డేటా రూపం కనిపిస్తుంది. ప్రతి సెల్‌కూ రకం, కోడ్ లైన్ల జాబితా, ఔట్‌పుట్‌లు, నడిచిన అంకె అందులో ఉంటాయి. గ్రాఫ్ బొమ్మలు బేస్64 అనే పద్ధతిలో అక్షరాలుగా మారి అదే ఫైల్‌లో ఉంటాయి. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి కాబట్టి 300 కేబీ బొమ్మ 400 కేబీ టెక్స్ట్ అవుతుంది.

ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే గిట్‌కు ఇదంతా ఉత్త అక్షరాలే. కోడ్ మార్చకుండా రీస్టార్ట్ చేసి మళ్లీ నడిపితే అంకెలు మారవచ్చు, గ్రాఫ్ ఒక పిక్సెల్ తేడాతో రావచ్చు. దాంతో వేల అక్షరాల డిఫ్ (పాత, కొత్త రూపాల తేడాల జాబితా) తయారవుతుంది. అసలు మారిన రెండు లైన్లు అందులో కొట్టుకుపోతాయి. వీఎస్ కోడ్ తన డిఫ్ తెరలో నోట్‌బుక్‌ను సెల్స్‌గా విడదీసి కోడ్, మెటాడేటా, ఔట్‌పుట్ తేడాలను విడివిడిగా చూపిస్తుంది, చివరి రెండింటినీ దాచేయవచ్చు కూడా. ఇద్దరు చేసిన మార్పులు ఢీకొని మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తే కష్టం ఇంకా పెరుగుతుంది. గిట్ చొప్పించే గుర్తుల వల్ల జేసన్ చెడిపోయి నోట్‌బుక్ తెరుచుకోదు. అప్పుడు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చేత్తో సరిచేయాలి, లేదా సెల్స్ లెక్కన మెర్జ్ చేసే ఎన్‌బీడైమ్ వంటి సాధనాన్ని ఆశ్రయించాలి.

ఔట్‌పుట్‌ను గిట్‌లోకి పంపాలా వద్దా అన్నదానిమీద జట్లలో ఏకాభిప్రాయం లేదు. ఎన్‌బీస్ట్రిప్‌ఔట్ అనే సాధనాన్ని గిట్ ఫిల్టర్‌గా పెట్టుకుంటే కమిట్‌లోకి, అంటే గిట్ చరిత్రలోకి వెళ్లే కాపీలో ఔట్‌పుట్ ఉండదు, మన డిస్క్ మీద మాత్రం అలాగే ఉంటుంది. డిఫ్‌లు శుభ్రంగా ఉంటాయి. ఒక సెల్‌లో ప్రింట్ చేసి మరిచిపోయిన పాస్‌వర్డో, కస్టమర్ల పట్టికో రిపోలోకి (గిట్ భద్రపరిచే ప్రాజెక్టు నిల్వలోకి) జారిపోదు. ఇది చిన్న లాభం కాదు, ఎందుకంటే ఒకసారి కమిట్ అయినది తర్వాత తీసేసినా హిస్టరీలో ఉంటుంది. మరోవైపు, ఫలితాలే లేని నోట్‌బుక్‌ను గిట్‌హబ్‌లో తెరిచినవాళ్లకు అది సగం పత్రమే. మోడల్ శిక్షణకు పది గంటలు పట్టే చోట ‘మీరే నడిపి చూసుకోండి’ అనడం కుదరదు. అలాంటి చోట పనిచేసుకునే నోట్‌బుక్‌లకు ఫిల్టర్ పెట్టి, నివేదికగా ఇచ్చేవాటిని హెచ్‌టీఎంఎల్‌గా ఎగుమతి చేసి విడిగా ఉంచేవాళ్లున్నారు.

బ్రౌజర్ ఉండగా ఎడిటర్ ఎందుకు

పెద్ద తేడా డీబగ్గర్‌లో, అంటే కోడ్‌ను మధ్యలో ఆపి తప్పులు వెతికే సాధనంలో కనిపిస్తుంది. ఐపీకెర్నెల్ 6వ వెర్షన్ నుంచి డీబగ్గర్‌తో మాట్లాడగలదు. సెల్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి ‘డీబగ్ సెల్’ నొక్కితే అక్కడ ఆగుతుంది, సెల్ పిలిచిన సొంత మాడ్యూల్ ఫైల్‌లోకీ దిగవచ్చు. అంత హడావిడి అక్కర్లేనివాళ్లకు ‘రన్ బై లైన్’ ఉంది. ఒక్కో లైను నడుస్తుంటే వేరియబుళ్ల విలువలు పక్క ప్యానెల్‌లో మారుతూ కనిపిస్తాయి. మాడ్యూల్ ఫైల్, నోట్‌బుక్, టెర్మినల్, గిట్ ఒకే చోట ఉండడం, ఫంక్షన్ పేరు మార్చితే ప్రాజెక్టంతా వెతకగలగడం కూడా ఎడిటర్ పక్షాన చెప్పుకోవాలి. జూపిటర్ ల్యాబ్‌లో కూడా డీబగ్గర్ ఉంది. పైగా దాని సొంత ఎక్స్‌టెన్షన్లు, కొన్ని విడ్జెట్లు వీఎస్ కోడ్‌లో పనిచేయకపోవచ్చు. ఎక్కువగా గ్రాఫులు, విడ్జెట్లతో పనిచేసేవాళ్లు బ్రౌజర్‌లో ఉండిపోవడంలో వింతేమీ లేదు.

నోట్‌బుక్ మంచిదా, స్క్రిప్ట్ మంచిదా

2018 జూపిటర్‌కాన్ సదస్సులో డేటా సైన్స్ రచయిత జోయెల్ గ్రస్ ఏకంగా నోట్‌బుక్‌లు తనకు నచ్చవని ప్రసంగించారు. క్రమం తప్పి నడపగలగడం కొత్తవాళ్లను తికమకపెడుతుందని, కోడ్‌ను మాడ్యూళ్లుగా విడదీసి టెస్టులు రాసే అలవాటును నోట్‌బుక్ వెనక్కి నెడుతుందని ఆయన వాదన. ఎదుటి పక్షంలో డీప్ లెర్నింగ్ నేర్పే ఫాస్ట్ డాట్ ఏఐకి చెందిన జెరెమీ హోవర్డ్ ఉన్నారు. ఆయన జట్టు ఎన్‌బీడెవ్ అనే సాధనంతో లైబ్రరీలను, వాటి టెస్టులను, డాక్యుమెంటేషన్‌ను నోట్‌బుక్‌లలోనే రాస్తుంది. డేటాను కళ్లతో చూస్తూ రాసే కోడ్ నాణ్యంగా ఉంటుందని ఆ పక్షం నమ్మకం. రెండు వాదనలూ నిజమే, కాకపోతే పని దశలు వేరు. డేటా ఎలా ఉందో ఇంకా తెలియనప్పుడు మెమరీ నిలిచి ఉండడమే నోట్‌బుక్ బలం. ఏం చేయాలో తేలిపోయి, రోజూ అదే పని జరగాల్సినప్పుడు అదే బలహీనత.

మధ్యేమార్గాలు కూడా ఉన్నాయి. మామూలు పైథాన్ ఫైల్‌లో హ్యాష్ గుర్తు, రెండు శాతం గుర్తులతో లైను మొదలుపెడితే వీఎస్ కోడ్ అక్కడి నుంచి దాన్ని సెల్‌గా చూస్తుంది. నడిపితే ఫలితం పక్కన ‘ఇంటరాక్టివ్ విండో’లో వస్తుంది. ఫైల్ ఉత్త పైథాన్ కాబట్టి గిట్ గొడవ లేదు, ఔట్‌పుట్ మాత్రం ఫైల్‌లో నిలవదు. మెమరీలో మిగిలిపోయే విలువల సమస్య ఇక్కడా అలాగే ఉంటుంది, నడిపేది అదే కెర్నెల్ కాబట్టి. జూపీటెక్స్ట్ అనే సాధనం ఒకే నోట్‌బుక్‌ను నోట్‌బుక్ ఫైల్‌గా, మామూలు టెక్స్ట్ ఫైల్‌గా రెండు రూపాల్లో జతగా ఉంచుతుంది. మారిమో అనే మరో రకం నోట్‌బుక్ అసలు మూలానికే వెళ్లింది: ఒక సెల్ మారితే దాని మీద ఆధారపడ్డ సెల్స్ తామే నడుస్తాయి, సెల్ తీసేస్తే దాని వేరియబుళ్లూ పోతాయి. అందుకు చెల్లించే మూల్యం కఠినమైన నియమం. ఒక పేరును రెండు సెల్స్ నిర్వచించడానికి వీల్లేదు. అదే పట్టికకు అదే పేరుతో సెల్ తర్వాత సెల్‌లో మార్పులు చేసే అలవాటున్నవాళ్లకు మొదట్లో ఇది చేతులు కట్టేసినట్టుంటుంది.

కెర్నెల్ ఇంకెక్కడో ఉంటే

కెర్నెల్ జాబితాలోనే ‘ఎగ్జిస్టింగ్ జూపిటర్ సర్వర్’ అనే ఎంపిక ఉంటుంది. సర్వర్ చిరునామా, టోకెన్ ఇస్తే కోడ్ అక్కడ నడుస్తుంది, ఫైల్ మాత్రం మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఇలా చేసినప్పుడు మన డిస్క్ మీది డేటా ఫైల్ దారి రాస్తే దొరకదు, ఎందుకంటే వెతికేది సర్వర్ డిస్క్‌లో. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌కు భద్రంగా కలిపే పద్ధతి) ద్వారా వీఎస్ కోడ్‌నే రిమోట్ మిషన్‌కు కలిపితే సంగతి వేరు. అప్పుడు ఫైల్, కెర్నెల్ రెండూ అక్కడే ఉంటాయి, మన దగ్గర ఉండేది తెర మాత్రమే.

సర్వర్ మీద కెర్నెల్ ఎడిటర్ మూసినా నడుస్తూనే ఉంటుంది. ఇందులో లాభం, నష్టం రెండూ ఉన్నాయి. రాత్రంతా నడవాల్సిన లెక్క ఆగదు. కానీ కనెక్షన్ తెగి ఉన్న సమయంలో కెర్నెల్ పంపిన ఔట్‌పుట్‌ను అందుకుని ఫైల్‌లో రాయాల్సిన ఎడిటర్ అక్కడ లేదు, కాబట్టి వేరియబుళ్లు మిగిలినా ప్రింట్ అయినవి పోవచ్చు. అలాగే జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) మెమరీ తీసుకున్న కెర్నెల్‌ను షట్‌డౌన్ చేయకుండా విండో మాత్రమే మూసేస్తే ఆ మెమరీ దాని పేరు మీదే ఉండిపోతుంది, అదే జీపీయూను వాడాలనుకున్న తర్వాతివాళ్లకు ‘అవుట్ ఆఫ్ మెమరీ’ ఎదురవుతుంది. అందుకే రాత్రిపూట నడిపే పెద్ద పనుల్లో ఫలితాలను, లాగ్‌ను సెల్ కింద చూసుకోవడానికి వదిలేయకుండా కోడ్‌తోనే డిస్క్ మీద రాయిస్తారు. లేదంటే పేపర్‌మిల్ అనే సాధనానికి అప్పగిస్తారు. అది ఎడిటర్ ప్రమేయం లేకుండా నోట్‌బుక్‌ను కొత్త కెర్నెల్‌లో పైనుంచి కిందికి నడిపి, ఔట్‌పుట్‌తో సహా వేరే ఫైల్‌గా రాసిపెడుతుంది. మధ్యలో ఎర్రర్ వస్తే ఏ సెల్ దగ్గర ఆగిందో ఆ ఫైల్‌లోనే కనిపిస్తుంది.